ఆకాశానికి మొహం చూపించిన పాలపిట్ట

ఒకప్పుడు పాలపిట్ట ఒంటి మీద నీలం అన్నదే లేదు. ముక్కు నుంచి తోక దాకా మట్టి రంగే. దున్నిన చేలో వాలిందంటే పిట్ట ఏదో, మట్టిబెడ్డ ఏదో పోల్చుకోవడం కష్టం. ఎగరడం కూడా అంతంతమాత్రమే. ఇక్కడ బయల్దేరి గీత గీసినట్టు అక్కడికి పోవడం, అంతే!

ఆ రోజుల్లో ఒక కొండ కింద, మోడైపోయిన తాటిచెట్టు తొర్రలో నూకాలు అనే పాలపిట్ట కాపురం ఉండేది. నిరుడు దాని పిల్లల్ని డేగ ఎత్తుకుపోయింది. తిన్నగా ఎగిరే తల్లిని తరిమేసి, తీరిగ్గా తొర్ర ఖాళీ చేయడం డేగకు చిటికెలో పని. ఈ ఏడు మళ్లీ పిల్లలయ్యారు. వాళ్లకు ఇప్పుడిప్పుడే రెక్కలొస్తున్నాయి. డేగ రోజూ వచ్చి ఎదుటి బండ మీద కూర్చుని ముక్కు నూరుకుంటోంది. నూకాలుకి తిండి సయించడం లేదు, కునుకు పట్టడం లేదు.

అలాంటి ఒకరోజు కొండముచ్చు అవ్వ మనవడితో ఆడుకోవడం కంటబడింది. మనవడు తరుముతున్నాడు. అవ్వ దొరికిపోయేలా ఉంది. చటుక్కున గాల్లో వెనక్కి పల్టీ కొట్టింది! మనవడు దాని కిందుగా ముందుకు దూసుకుపోయాడు. అవ్వ వాడి వెనకాల తేలి నెత్తి మీద ఒక్కటి మొట్టింది.

‘ఈ విద్య నాకొస్తే డేగ ముందుంటాది, నేను దాని ఎనకుంటాను!’ అనుకుంది నూకాలు.

అనుకున్నదే తడవు మొదలుపెట్టింది. ఎక్కడ? నేలకు జానెడు ఎత్తున! పడినా దెబ్బ తగలదని దాని లెక్క. తల వెనక్కి వేసింది, సగం తిరిగింది, దబ్బుమని వీపు మీద పడింది. మళ్లీ తిరిగింది. ఈసారి చీమల పుట్ట మీద పడింది. ఇక చీమలు ఊరుకుంటాయా?

కొమ్మ మీద అవ్వ కడుపుబ్బ నవ్వింది. కుంటుకుంటూ వస్తున్న పిట్టను చూసి నవ్వు ఆపేసింది.

“ఏటే నూకాలూ, ఎవులు సెప్పినారే నీకు నేల పక్కన తిరగమని?”

“పైనుంచి పడితే సచ్చిపోనా అవ్వా? కిందయితే భయం లేదని...”

“కిందుంటే తిరగడానికి నీకు సోటేదే? రెక్కలున్నదానివి. ఎత్తు నీకు శత్రువు కాదే పిచ్చిదానా, ఎత్తే నీ పరుపు!”

నిజమే కదా అనుకుంది నూకాలు. ఇన్నాళ్లూ భయం చెప్పినట్టల్లా కిందకు దిగింది. దిగినకొద్దీ దెబ్బలు తిన్నది.

అవ్వ దాన్ని చిటారుకొమ్మకు పిలిచింది. తన పొడవాటి తోకను పిట్ట వీపు కింద ఆసరాగా పెట్టింది. “తల ఎనక్కెయ్యి. రెక్కలు ముడుసు. నేల కనబడగానే రెక్కలిప్పు. కనబడకముందే ఇప్పేవో, ఈపు పగిలిపోద్ది!”

రోజూ అదే పాఠం. తల, ముడుచు, నేల, విప్పు. పల్టీ నీళ్లు తాగినంత తేలికైపోయాక అవ్వ చెప్పింది. “రేపట్నుంచి తోక ఉండదే.”

“ఓలమ్మ! నాకు సెప్పకండా తీసేస్తే పోయేది కదవ్వా!”

“సెప్పకండా తీస్తే నీకు పల్టీ వస్తాది గానీ ధైర్నం రాదు.”

మర్నాడు నూకాలు పైకి పోయింది. తిరగకుండానే దిగొచ్చింది. మళ్లీ పోయింది, మళ్లీ దిగొచ్చింది.

“అవ్వా, భయమేస్తోంది.”

“ఎయ్యనీ. నోరు మూసుకుని భయపడకు. గట్టిగా అరిసి తిరుగు.”

అంతలో తొర్రలోంచి చిన్నపిల్ల తల బయటపెట్టింది. బండ మీంచి డేగ లేచింది.

ఇదివరకటి నూకాలైతే పొదలోకి దూరేది. ఇప్పుడు తిన్నగా డేగకు ఎదురెళ్లి, దాని మొహాన రెక్కతో ఫెడీమని ఒక్కటిచ్చింది. డేగకు ఒళ్లు మండిపోయింది. పిల్లల్ని వదిలేసి తల్లి వెంటపడింది. నూకాలు పైకి పోయింది. చెట్లు దాటి, కొండ దాటి, ఇంకా పైకి. డేగ గోళ్లు తోక ఈకలకు తగిలాయి.

“క్రాక్! క్రాక్!” గొంతు చించుకుని అరిచి, తల వెనక్కి వేసింది.

వెల్లకిలా తిరిగింది. దాని మొహం ఆకాశానికి ఎదురుగా వచ్చింది.

ఆకాశం ఉలిక్కిపడింది. “ఎవరమ్మా నువ్వు? ఇన్నాళ్లుగా పిట్టలన్నీ నాకు వీపే చూపిస్తున్నాయి. మొహం చూపించినదానివి నువ్వొక్కదానివే!” అంది. ఆ మురిపెంతో, పిట్టకు నేల కనబడి రెక్కలు విప్పుతుంటే, వాటిలోకి దోసెడు నీలం ఒంపేసింది.

డేగ కిందుగా ముందుకు దూసుకుపోయింది. నూకాలు దాని వెనకాల తేలింది. నెత్తి మీద పొడిచింది చూడండి ఒక్కటి! డేగ కొండ అవతలికి పారిపోయి మళ్లీ ఆ చుట్టుపక్కల కనిపిస్తే ఒట్టు.

“అది మా అమ్మ! మా అమ్మే!” తొర్రలో పిల్లలు ఒకటే గోల. “నా తోక మీద నేర్సుకున్నాదిరా!” అని అవ్వ అడవంతా చెప్పుకుని తిరిగింది.

నూకాలు వచ్చి వాలి రెక్కలు ముడిచింది. మళ్లీ మట్టిబెడ్డే! పిల్లలు బిక్కమొహం వేశారు. “నీలం ఏదమ్మా?”

“రెక్కల్లోనే ఉన్నాది. ఎగిరితేనే కనబడతాది,” అంది తల్లి. అలా అంటున్నప్పుడు దాని రొమ్ము పొంగింది.

అప్పటినుంచే పాలపిట్ట కూర్చుంటే మట్టి రంగు, ఎగిరితే నీలం. పల్టీ కొట్టాలంటే ముందు పైకి, ఇంకా పైకి పోతుంది. తిరిగేటప్పుడు గొంతు చించుకుని అరుస్తుంది. దానికి ఇప్పటికీ భయమే మరి. అరుస్తూనే తిరుగుతుంది.