దివానుగారి గంటపలక

"సగం మందిని పస్తుంచి పంపేసింది! తరిమెయ్యండి ఆ సింగమ్మని!"

దివాను కంఠీరవయ్య అరుపు వీధి చివరిదాకా వినబడింది. జనమంతా వినోదవనం ముందు మూగారు.

ఆ వనంలో రంగులరాట్నం ఎక్కడానికి వచ్చిన ప్రతివాళ్లకీ రాజుగారి ఖర్చుతో భోజనం. వంటా వడ్డనా సింగమ్మవే. వచ్చినవాళ్లని లెక్కపెట్టడానికని దివాను వాకిట్లో ఓ వింత పలక వేయించాడు. దానిమీద అడుగు పడితే చాలు, గంట మోగుతుంది. తీరా చూస్తే మోగిన గంటల్లో సగమే లేచాయి విస్తళ్లు. ఇంకేముంది, సింగమ్మ కొలువుకి ఎసరొచ్చింది!

"నా పలక అబద్ధమాడదు" అంటూ దివాను మీసం దువ్వుకుని, లోపలున్న రాజుగారి దగ్గరికి దర్జాగా నడిచాడు. టంగు, టంగుమంది గంట.

సింగమ్మ గబగబా దివాను ముందు రెండు విస్తళ్లు వేసింది.

"రెండెందుకే?"

"పలక ఇద్దరంది కదా బాబూ. ఆ రెండో ఆయన్నీ పిలవండి. పస్తుంచానన్న మాట నాకొద్దు."

"ఓసి పిచ్చిదానా, అవి నా రెండు కాళ్లే!"

"మరి మిగతా జనమంతా ఒంటికాలిమీద గెంతుతూ వచ్చారా దొరా?"

రాజుగారికి నవ్వాగలేదు. సింగమ్మ కొలువు పదిలమన్నాడు. ఆ రెండో విస్తరి ముందు ఆమెనే కూర్చోబెట్టి, గరిటె దివాను చేతికిచ్చాడు. వీధిలో జనం కూడా గంట గణగణలాడించుకుంటూ వచ్చి బంతిలో కూర్చున్నారు. అందరికీ వడ్డించాక దివాను కూడా తన ఒక్క విస్తరి ముందు చతికిలబడ్డాడు.