అరగని చివర

లోపం పట్టుకోవడం నేర్చినవాడికి లోపం దాచడమూ వస్తుంది. నీకూ వచ్చు. దాన్ని నువ్వు తెలివి అంటున్నావు. అనకు. కాసేపు నోరు మూసుకుని ఏసోబు సంగతి విను.

ఏసోబుకి తెనాలిలో ఇనుప ఇరుసులు చెక్కే సొంత లేత్ షాపు ఉండేది. పని నేర్పినవాడు మౌలాలి మేస్త్రి. చుట్టుపక్కల ఎవరు పాత లేత్ కొనాలన్నా ముందు మేస్త్రిని వెంటబెట్టుకు వెళ్ళేవాళ్ళు. ఆయన పెద్దవాడయ్యాక ఏసోబుని పిలిచేవాళ్ళు.

ఏసోబు కొనడానికి పెద్ద లేత్ ఒకటి మాట్లాడుకున్నాడు. అది రావాలంటే తన పాతది అమ్ముడుపోవాలి. పాతదాని అడుగున పొడుగ్గా ఉండే ఇనుప బెడ్డు అరిగిపోయింది. పనంతా ఇనుప ముక్కని పట్టి తిప్పే చక్కు పక్కనే జరుగుతుంది గనక ఏ లేత్‌కైనా బెడ్డు అక్కడే అరుగుతుంది. అవతలి చివర కొత్తదానిలాగే ఉంటుంది. ఉలిని మోసుకుంటూ బెడ్డు మీద జరిగే క్యారేజి అరిగినచోట వదులై ఊగుతుంది. దానిమీద తీసిన ఇరుసు ఒకచోట లావు, ఒకచోట సన్నం.

ఏసోబు క్యారేజిని ఊగకుండా బిగించాడు. అలా బిగిస్తే అరగని చివరకి పోయి ఇరుక్కుంటుంది. అందుకని ఆ చివర ఉండి ఇరుసు రెండో కొసని పట్టాల్సిన టెయిల్‌స్టాకుని బెడ్డు నడుమకి తెచ్చి అడ్డంగా బిగించేశాడు. ఇక క్యారేజి అటు పోదు. పైన ఆకుపచ్చ రంగు వేశాడు.

కొనడానికి వచ్చిన శివన్నారాయణ ఒకరి కింద పనిచేసి విసిగి, సొంత షాపు పెట్టుకోబోతున్నాడు. అదే వాడి మొదటి మిషను. అది చెడితే ఇంకొకటి కొనే స్తోమతు లేదు. చక్కు పక్కన క్యారేజిని ఊపి చూశాడు. కదల్లేదు. ముచ్చటపడ్డాడు. అయినా మౌలాలి మేస్త్రికి ఒకసారి చూపిస్తానన్నాడు. ఏసోబు కాదనలేకపోయాడు.

మేస్త్రి చంకలో డయల్ పెట్టె పెట్టుకుని వచ్చాడు. వెంట్రుకంత అరుగుదలనైనా సూదితో చూపించే ఆ డయల్‌ని ఆయన ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఏసోబుని పిల్లల బాగోగులు అడిగాడు. టీ తాగాడు. లేత్ పెళ్ళికొడుకులా ఉందని నవ్వాడు. నడుమ నిలబడ్డ టెయిల్‌స్టాకు మీద ఆయన చూపు ఒక్క క్షణం ఆగింది. ఆగడం ఏసోబు చూశాడు.

మేస్త్రి లేత్ మీద చెయ్యి వెయ్యలేదు. డయల్ పెట్టె తెచ్చి ఏసోబు చేతిలో పెట్టాడు.

"నా కంటికి సూది ఆనడంలేదురా. నా బదులు నువ్వు చూసిపెట్టు ఇతనికి."

శివన్నారాయణ తెల్లబోయాడు. "అమ్మేవాడే చూస్తే ఎట్లాగండీ మేస్త్రిగారూ?"

"వీడు చూస్తే నేను చూసినట్టే."

అని వెళ్ళి, గుమ్మం దగ్గర స్టూలు మీద వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

ఏసోబు పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రి బొటనవేలు ఆనేచోట మూత మీది రంగు పోయి రేకు మెరుస్తోంది. వాడు పెట్టె తెరవలేదు. పదిలంగా పక్కన పెట్టి, పానా తీసుకుని, టెయిల్‌స్టాకుని వదులుచేసి చివరకి తోసేశాడు.

"తమ్ముడూ, క్యారేజిని ఆ చివరికంటా తిప్పు."

సగం దాటాక బిగుసుకుంది. శివన్నారాయణ రెండు చేతులూ వేశాడు. కదల్లేదు.

"అరిగిందా అన్నా?"

"అరిగింది. నేనే దాచాను."

మేస్త్రి ఇటు తిరగలేదు. బాగుచేసి ఇస్తానన్నాడు ఏసోబు. శివన్నారాయణ ఒకసారి మేస్త్రి వీపు వంక చూసి, సరేనన్నాడు.

అరిగినచోట ఇనుము మళ్ళీ మొలవదు. అరగని చోటంతా దానికి సమంగా చేత్తో గీకి దించాలి. ఏసోబు గీకడం మొదలుపెట్టాడు. ఈలోగా, మాట్లాడుకున్న పెద్ద లేత్‌ని వేరేవాళ్ళు పట్టుకుపోయారు.

మేస్త్రి రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఒకనాడు డయల్ వైపు దూరంనుంచే చూసి, ఇంకో వెంట్రుకంత దించమన్నాడు.

"సూది ఆనడంలేదన్నారు కదండీ," అన్నాడు ఏసోబు.

"ఇప్పుడు ఆనుతోందిలే."

ఏసోబు తల వంచుకుని మళ్ళీ గీకుడుపట్టీ అందుకున్నాడు.

ఆ వానాకాలమంతా వాడి అరచేతులు బొబ్బలు. కుడిచెయ్యి అన్నం ముద్ద పట్టలేకపోయేది. మధ్యాహ్నం మేస్త్రి తన ఇంటినుంచి అన్నం తెచ్చి, తానే కలిపి, చెంచా వేసి, వాడి ముందుకు జరిపేవాడు.