సుంకులక్క అడిగిన మాట

వినేవాళ్లు దగ్గరికి జరగండి, నిద్రొచ్చేవాళ్లు పోయి పడుకోండి. ఈ కథ చెప్పేటప్పుడు నాకు ఒళ్లు మండుతుంది, ముందే చెబుతున్నా.

మీ తాతకు తాత పుట్టకముందు, జొన్నలు నేలలో పాతరేసి దాచుకునే కాలంలో, సుంకులక్క అని ఒకామె ఉండేది. గోతులు తవ్వడం ఆమె పని. గడ్డపార దిగిన చప్పుడు వింటే చాలు, కింద ఎలాంటి నేలుందో చెప్పేసేది.

ఆ ఊరి దొర మేడ దిగడు. ఏ పనైనా పెత్తందారు భుజంగంతో చెప్పి ఊరుకుంటాడు. మూడూళ్ల విత్తనాల జొన్నలు దాచడానికి ఒక పెద్ద పాతర కావాలన్నాడు. భుజంగం ఏం చేశాడు? బండ్లు తోలడానికి సులువని, బాట పక్కన పల్లంలో మేకు కొట్టాడు. "ఇక్కడ మూడు నిలువుల గొయ్యి తవ్వండి" అన్నాడు.

"ఎందుకు సామీ గొయ్యి?" అంది సుంకులక్క. "నీళ్లకైతే ఈ చోటు సరే. గింజలకైతే మిట్టన తవ్వాల, లోపల మంటేసి ఆరబెట్టాల. పీనుగుకైతే ఇంత లోతు అక్కర్లేదు. ఎందుకో చెప్పు."

"తవ్వమంటే తవ్వు. ఎందుకో నీకెందుకే?"

తవ్వింది. రెండు నిలువులు దిగేసరికి మట్టి చేతికి అంటుకుంది. పైకొచ్చి మళ్లీ అడిగింది. "చెమ్మ తగిలింది సామీ. ఎందుకు గొయ్యి?"

"నోరు మూసుకుని తవ్వు!"

మూడోసారి మేడ దగ్గరికే పోయింది. భుజంగం ఆమెను గుమ్మం దగ్గరే ఆపి, తాను లోపలికి పోయాడు. "పని సాగుతోందా?" అన్నాడు దొర. "సాగుతోంది దొరా" అన్నాడు వీడు. చెమ్మ మాట ఎత్తితే ఒట్టు! బయటికొచ్చి, "మూడు నిలువులే, దొర మాట" అన్నాడు. తవ్వేవాళ్లకు అన్నీ తెలుసులే అని లోపల దొర అనుకున్నాడు. తవ్వే మనిషి గుమ్మం బయటే, రెండడుగుల దూరంలో ఉంది, పిలిచి ఒక్క మాట అడగలేకపోయాడు!

కోతలయ్యాయి. బండ్లు వచ్చి గోతిలో జొన్నలు పోయడం మొదలెట్టాయి. "అయ్యో, గింజలకా!" అని సుంకులక్క అడ్డం పడింది. ఆ జొన్నల్లో ఆమె ఇంటి విత్తనాలూ ఉన్నాయి. ఆమెను పక్కకు లాగేసి, గొయ్యి మూసేశారు.

తొలకరి పడ్డాక పాతర తెరిస్తే గుప్పుమని కంపు కొట్టింది. అడుగంతా కుళ్లి, గింజ కిందికి కుంగిపోయింది. ఆ రోజు మాత్రం దొర మేడ దిగాడు. "పల్లంలో ఎవరు తవ్వమన్నారే?" అని సుంకులక్క మీద విరుచుకుపడ్డాడు.

"మూడుసార్లు అడిగితిని దొరా."

"ఇది నోరే విప్పలేదు దొరా" అన్నాడు భుజంగం. వాడి నోట్లో మన్ను పడ!

నడుమ కొంచెం మంచి గింజ మిగిలి ఉంటుంది. కానీ కుళ్లిన పాతరలో విషగాలి ఉంటుంది, తెరిచాక ఒక పూట వదిలెయ్యాలి, దీపం దించి చూడాలి. దీపం ఆరితే మనిషి దిగకూడదు. "అదును పోతుంది, ఇప్పుడే దిగు" అన్నాడు భుజంగం.

పిల్లాపాపలతో మూడూళ్లూ చుట్టూ నిలబడి చూస్తున్నాయి. సుంకులక్క కొంగు బిగించి దిగింది. తాడు లాగింది, ఒక గంప విత్తనాలు వచ్చాయి. ఇంకా కిందికి దిగింది, రెండో గంప వచ్చింది. ఇంకా కిందికి దిగింది, మూడో గంప వచ్చింది. నాలుగోసారి తాడు కదల్లేదు.

"ఇప్పుడే దిగకూడదని నాకెందుకు చెప్పలేదురా?" అని దొర భుజంగం మీద అరిచాడు.

"మీరు అడగలేదు దొరా" అన్నాడు భుజంగం.

ఆమెను అక్కడే పూడ్చారు. నీళ్లూ ఊరాయి, గింజలూ పోశారు, పీనుగునూ పెట్టారు. ఆమె అడిగిన మూడింటికీ ఆ ఒక్క గొయ్యే సరిపోయింది.

ఆ మూడు గంపల విత్తనంతోనే మూడూళ్లూ మళ్లీ పండాయి. ఇప్పటికీ అక్కడ ఎవరు గొయ్యి తవ్వాలన్నా, తవ్వేవాళ్లు గడ్డపార కింద పెట్టి, "ఎందుకు?" అని మూడుసార్లు అడుగుతారు. తవ్వమన్న మనిషి ఎంత పెద్దవాడైనా సరే, చెప్పులు విడిచి ఆ నేల మీదికి వచ్చి, తన నోటితో తాను చెప్పాలి. మనిషిని పంపిస్తే కుదరదు. గొణిగితే, నసిగితే, "నీకెందుకు?" అంటే, ఎవరూ గడ్డపార ముట్టరు.

"అడిగింది మేం కాదు సామీ, సుంకులక్క. ఆమెకు చెప్పు" అంటారు.