అడవిపంది అచ్చు

అడవిపంది ఒంటిమీద వెంట్రుకలెన్నో ఎవరూ లెక్కపెట్టి ఉండరు. లారిస్ మాత్రం దాదాపు ఆ పని చేశాడు.

పూర్వం ఇటలీ తీరంలో ఎట్రుస్కన్లనే జాతివాళ్ల రేవు పట్టణం పుప్లూనాలో ఒక టంకశాల ఉండేది. అక్కడ వెండి నాణేలకు అచ్చులు చెక్కే వెల్తూర్ దగ్గర లారిస్ పన్నెండేళ్లు పని నేర్చుకున్నాడు. ఆ ఊరి నాణేనికి ఒకవైపే బొమ్మ, రెండోవైపు నున్నగా వదిలేస్తారు. అందుకని పరువంతా ఆ ఒక్క జంతువుదే. గురువుకి చూపు మందగించింది. కొత్త నాణేనికి అడవిపంది అచ్చు లారిస్ చెక్కాలనీ, అది గురువు మెచ్చితే ఆయన స్థానం అతనిదేననీ ఊరి పెద్దలు చెప్పారు.

మూడు నెలలు కూర్చుని చెక్కాడు. తొలి నాణెం కొట్టి చూసుకుంటే అతనికే ఒళ్లు పులకరించింది. పంది వీపుమీద ప్రతి వెంట్రుకా విడివిడిగా లేచి నిలబడింది. రేవంతా తిరిగి చూపించాడు. చేపలమ్మే ఆవిడ చెయ్యి తుడుచుకుని మరీ అందుకుని, "గుచ్చుకుంటుందేమో బాబూ!" అంది. ఇంకేముంది, మనవాడు నేలమీద నిలవలేదు.

"గురువుగారూ, ఈ తీరంలో ఇంతకన్నా గొప్ప పని ఎవరైనా చేశారా?"

వెల్తూర్ నాణేన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని తిప్పి చూశాడు. "లేదు. ఇంత సన్నపు పని నేనూ చెయ్యలేదు."

అంటూనే దాన్ని ఒక తోలుసంచిలో వేసి, గుప్పెడు ఇసుక పోసి, మూతి బిగించాడు. ఇనుపరాయి మోసే కంచరగాడిద ఒకటి వాకిట్లోంచి పోతుంటే ఆపి, దాని మెడకు తగిలించాడు.

"అదేమిటండీ!"

"పెద్దలు పదిరోజులకు కదా వచ్చేది. అందాకా తిరిగి రానీ."

లారిస్ నవ్వేశాడు. తన పందికి భయమా! గాడిదకు కూడా తన పనితనం తెలిసొస్తుందని తోటివాళ్లతో వేళాకోళమాడాడు.

పదో రోజు పొద్దున పెద్దలు వచ్చి నిలబడ్డారు. గురువు సంచి విప్పి, నాణెం లారిస్ చేతిలో పెట్టాడు. వెంట్రుకలు పోయాయి. ఉబ్బెత్తుగా ఒక ముద్ద మిగిలింది. పందంటే పంది, బస్తా అంటే బస్తా.

లారిస్ ముఖం ఎర్రబడింది. "ఇలా అరగదీస్తే ఎవరి బొమ్మ నిలుస్తుందండీ?"

వెల్తూర్ పెద్దల్లో ఒకాయన దగ్గరున్న చిల్లర అడిగి తీసుకుని, వేళ్లతో తడిమి, ఒక పాత నాణెం తీసిచ్చాడు. ముప్పయ్యేళ్ల కిందట తను చెక్కిన అచ్చుతో కొట్టింది. అదీ అడవిపందే. చేతులు మారీ మారీ వెంట్రుకలు అరిగిపోయాయి, కన్ను కూడా పోయింది. అయినా ఆ వంచిన మెడ, బిగిసిన మూపు చూస్తే ఇప్పుడో ఇంకాసేపటికో మీదికి దూకేలా ఉంది.

లారిస్ దాన్ని బొటనవేలితో చాలాసేపు తడిమాడు.

"వెంట్రుకలు బాగా చెక్కావు నాయనా," అన్నాడు గురువు. "పందినెప్పుడు చెక్కుతావు?"

పెద్దలకు ఇదంతా ఏం పట్టింది! "ఏమయ్యా లారిస్, అచ్చు సిద్ధమేనా?" అని తొందరపెట్టారు.

లారిస్ తలెత్తి వాళ్లవైపు చూశాడు.

"ఇంకా మొదలుపెట్టలేదండీ," అన్నాడు.