నానీ కోసిన తంగేడాకు

నస్రీన్ థీసిస్ అంతా అయిపోయింది, ఒక్క ల్యాబు పరీక్ష తప్ప. దాన్ని మాత్రం మూడు నెలలుగా వాయిదా వేస్తూ వచ్చింది. ఒకరోజు కరెంటు సరిగ్గా లేదంటుంది, ఇంకోరోజు తలనొప్పంటుంది. మా ల్యాబులో ఆ పిల్ల చెప్పని సాకు లేదు.

ఆ పరీక్షకు కావాల్సింది ఒక చిన్న సీసా. తంగేడాకు ఉడికించిన నీళ్లను వెండి లవణంలో కలిపితే టీ రంగు వస్తుంది. కంటికి ఆననంత సన్నటి వెండి రేణువులు అందులో పుడతాయి. అవే ఉత్ప్రేరకం: నీళ్లలో కలిసిన అద్దకపు రంగును పోగొడతాయి, అలా ఎన్నిసార్లు పోగొడతాయో చూడటమే ఆ పరీక్ష. ఆ సీసాకు ఆకు కోసిచ్చింది నస్రీన్ వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ. లేతాకేదో నీకు తెలీదు, నువ్వుండు అని మోకాళ్ల నొప్పులతోనే గుట్టెక్కిందట. ఆ నెలలోనే పోయింది.

తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆ రంగు రాలేదు. ఆ సీసాను ఫ్రిజ్‌లో దాచి, రోజూ తీసి చూసుకుని మళ్లీ పెట్టేసేది. మేం నవ్వుకునేవాళ్లం, బుద్ధి లేక.

చివరికి మా గైడు వీరభద్రప్ప సారు పిలిచి సంగతేమిటని అడిగారు. నస్రీన్ దాచలేదు.

"వాడితే అయిపోతుంది సార్. నానీది నా దగ్గర ఇంకేమీ లేదు."

ఉత్ప్రేరకం పని చేయిస్తుందే గానీ తాను ఖర్చయిపోదని నూట ఎనభై పేజీలు రాసిన పిల్ల ఈ మాట అంది. సారు నవ్వలేదు. సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించారు. అడుగున బూడిదరంగు మడ్డి. వాడకుండా ఉంచేసరికి రేణువులు ముద్దకట్టడం మొదలైంది.

సారు బీకరులో నీలం అద్దకపు నీళ్లు కలిపి ఆమె ముందు పెట్టారు. ఆమె మూత తీసి, ఆఖరికి సీసా వంచింది. నీలం పలచబడుతూ పలచబడుతూ పోయింది. నీళ్లను యంత్రంలో గిర్రున తిప్పితే వెండి అడుక్కి దిగింది. దాన్ని కడిగి కొత్త నీలంలో వేసింది. అదీ పోయింది. అలా ఐదుసార్లు చేసి నోట్సు మూసేసింది.

సారు లేచి ఆరోసారి నీలం కలిపారు.

"ఐదు చాలు సార్," అంది నస్రీన్.

"ఐదు థీసిస్‌కు పాపా. ఇది మీ నానీకి."

నానీ పోయిన రోజు కూడా ఏడవలేదట నస్రీన్. ఆరోసారీ నీలం పోయి తేటపడ్డ ఆ నీళ్లను చూస్తూ, మా అందరి ముందే వెక్కివెక్కి ఏడ్చింది.