పొడి మడమల జిలానీ తాత

దుప్పటి గడ్డం దాకా లాక్కో తల్లీ. జ్వరం తగ్గుముఖం పట్టింది గానీ ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. నీళ్ళు తగలనివ్వద్దని డాక్టరు చెప్పాడనీ, వుజూ లేదు కాబట్టి దేవుణ్ణి వేడుకునే దువా కూడా చెయ్యకూడదనీ మూతి ముడుచుకు కూర్చున్నావట, మీ అమ్మ చెప్పింది. దాని సంగతి చివర్లో తేలుద్దాం. ముందు కథ విను.

అనగనగా ఎర్రమట్టి నేలల్లో ఓ ఊరు. ఆ ఊళ్ళో ఓ చిన్న మసీదు, మసీదు పక్కన లోతైన బావి. ఆ బావి మీద పెత్తనమంతా జిలానీ తాతది. వయసులో ఉండగా దాన్ని తవ్విన వాళ్ళలో ఆయనా ఒకడు. అప్పట్నుంచీ పూటపూటా నీళ్ళు తోడి, నమాజుకు వచ్చేవాళ్ళు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కునే తొట్టి నింపేవాడు. అట్లా కడుక్కోవడాన్నే కదూ మనం వుజూ అంటాం.

తాత మంచివాడే. నోరే కాస్త పెద్దది. తొట్టి పక్కన నిలబడి వచ్చిన ప్రతివాడి మడమలూ చూసేవాడు. వేలెడంత పొడి కనబడితే చాలు, మళ్ళీ కడుక్కు రమ్మని వెనక్కి పంపేవాడు. పరుపులు కుట్టే బుడాన్ ఉన్నాడే, పాపం, అతనెప్పుడూ హడావిడి మనిషి. ఒకే పూట మూడుసార్లు కాళ్ళు కడుక్కున్న రోజులున్నాయి. తాత ఉంటే చాలు, పెద్ద పెద్దవాళ్ళు కూడా పంచె కిందికి లాక్కుని మడమలు దాచుకునేవాళ్ళు.

అప్పుడు ఓ చలికాలం వచ్చింది. తెల్లారగట్ల మంచులో, తడిసిన పంచెతోనే నీళ్ళు తోడేవాడు తాత. ఆయన పెళ్ళాం చాంద్‌బీ వద్దయ్యా వద్దయ్యా అని మొత్తుకున్నా వింటేనా. వినలేదు. నెమ్ము చేసింది. ఊపిరాడక టౌను ఆసుపత్రిలో పడ్డాడు. దేవుడి దయ వల్ల గండం గడిచి ఇంటికొచ్చాడు. వచ్చేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది, ఎండలు ముదిరేదాకా చన్నీళ్ళు ముట్టుకోవద్దని, ఈసారి తిరగబెడితే తన చేతుల్లో ఉండదని.

తాత బుద్ధిగా తలూపాడు. ఆ తర్వాత ఏం చేశాడనుకున్నావ్? చాంద్‌బీ పాలకు వెళ్ళగానే దొంగచాటుగా కుండలోని నీళ్ళతో వుజూ చేసుకున్నాడు. సాయంత్రానికి జ్వరం, దగ్గు, మళ్ళీ ఆసుపత్రి.

ఆ తర్వాత చాంద్‌బీ తనే నీళ్ళు కాచి ఇచ్చింది. వేణ్ణీళ్ళకేం కాదులే అనుకుంది. కానీ తడి ఆరేలోపే చలిగాలికి వణుకు పుట్టింది. పక్కటెముకలు పట్టేశాయి. డాక్టరమ్మకు కోపమొచ్చి, వేడివీ వద్దు చల్లవీ వద్దు, అసలు తడే తగలకూడదు పొమ్మంది.

అప్పుడు తాత మాట్లాడటం మానేశాడు. అజాన్ వినబడితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ముద్ద నోట్లో పెట్టుకునేవాడు కాదు. ఏమైందయ్యా అని చాంద్‌బీ బతిమాలితే ఒకే మాట అన్నాడు.

“ఊరందరికీ నీళ్ళు పోశానే. నా దగ్గరికి వచ్చేసరికి నేనే మురికిగా మిగిలిపోయా. ఇట్లా ఆ పైవాడి ముందర ఎట్లా నిలబడేది?”

చాంద్‌బీ, నెమ్ము తీసుకుపోకపోయినా ఈ దిగులు మనిషిని తీసుకుపోతుందనుకుంది. చెంగు సర్దుకుని తిన్నగా మసీదు ఇమాం ఇంటికి పోయింది.

ఇమాం పేరు కరీముల్లా. కుర్రవాడు, గడ్డమింకా ఒత్తుగా రాలేదు. అతను వచ్చి మంచం పక్కన కూర్చుని, నీళ్ళు పడనివాళ్ళకు తయమ్ముం ఉందని చెప్పాడు. శుభ్రమైన పొడిమట్టి మీద రెండు అరచేతులూ కొట్టి, దుమ్ము దులిపి, ముఖం తుడుచుకోవాలి. మళ్ళీ ఒకసారి కొట్టి, మోచేతుల దాకా చేతులు తుడుచుకోవాలి. మనసులో శుద్ధి కోసమని అనుకోవాలి. అంతే, వుజూ అయినట్టే.

తాతకు నచ్చలేదు. అది ఎడారుల్లో నీళ్ళు దొరకనివాళ్ళకు గానీ, నిండు బావి పక్కన కూర్చుని మట్టి పూసుకుంటారా అన్నాడు. నీళ్ళు దొరకనివాడికీ, నీళ్ళు పడనివాడికీ దారి ఒకటేనని ఇమాం చెప్పాడు. తాత దుప్పటి తొలగించి తన కాళ్ళు చూసుకున్నాడు. చూసి, మెల్లిగా అడిగాడు.

“మరి కాళ్ళకి?”

“కాళ్ళకేం అక్కర్లేదు తాతా. ముఖం, చేతులు. అంతే.”

“అంటే నేను, పొడి మడమలతో మసీదు లోపలికి రావాలా?”

అదీ అసలు సంగతి. చూశావా, తాత గొంతులో అడ్డుపడిన ముల్లు అదీ. నవ్వకు. పాపం, ఆయనకు ప్రాణం పోయినంత పనైంది.

ఇమాం కూడా నవ్వలేదు. తాత చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

“నీకు ఊపిరి ఇచ్చినవాడికి నీ ఊపిరి సంగతి తెలీదా తాతా? ఈ వెసులుబాటు ఆయన ఇచ్చిందే. ఇచ్చింది తీసుకో. తిప్పి కొట్టకు.”

తాత కళ్ళు తుడుచుకుని, సరే మట్టి తెమ్మన్నాడు.

ఇక చాంద్‌బీ హడావిడి చూడాలి. ముందు వీధిలో మట్టి తెచ్చింది. దాంట్లో పేడ ఉంది. పారబోసింది. ఆ తర్వాత పెరట్లో మట్టి తెచ్చింది. కోళ్ళు తిరిగే చోటది, అదీ పనికిరాదు. అప్పుడామెకు గుర్తొచ్చింది, బావి తవ్వినప్పుడు తీసిన ఎర్రమట్టి గుట్ట మసీదు గోడ లోపలే ఉందని. అక్కడ గొడ్డూ గోదా తిరగవు. తట్టతో తెచ్చి, గడ్డలు చిదిపి, పిండిలా జల్లించింది. జల్లించి ఏం చేసిందంటావ్? పొయ్యి అలికే అలవాటు కదా, చెంబెడు నీళ్ళు పోసి మెత్తగా కలిపేసింది.

ఆ బురద ముద్ద చూసి ఇమాం నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. “నీళ్ళు వద్దనే కదా అవ్వా మట్టి” అన్నాడు. అప్పుడు తాత నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, అయినా నవ్వాడు. చాంద్‌బీకి సిగ్గేసింది గానీ, ఆ నవ్వు వినడానికి ఇంకో పది తట్టలైనా కలుపుదును అనుకుందట.

మళ్ళీ పొడిమట్టి జల్లించి పళ్ళెంలో పోసి పెట్టింది. తాత రెండు చేతులూ ఆనించబోయి ఆగాడు. ఆ రంగు గుర్తుపట్టాడు. తన చేతులతో తవ్వి, తన తల మీద మోసి పైకి తెచ్చిన మట్టి అది. వయసులో ఉన్నప్పుడు నీళ్ళ కోసం తవ్వుకుంటూ, ఇదెందుకూ పనికిరాదని పక్కన పోశాడు.

“ఆనాడే నా కోసం దాచిపెట్టావా స్వామీ” అన్నాడు. అని, చేతులు ఆనించాడు.

ఆ తర్వాత ఎండ ఎక్కాక, చెవులకు మఫ్లరు చుట్టుకుని, ఇమాం భుజం పట్టుకుని మసీదుకు వచ్చాడు. తొట్టి దగ్గర జనం ఉన్నారు. తొట్టి నిండా నీళ్ళున్నాయి. తను లేకపోతే ఎవడూ చేద ముట్టుకోడనుకున్నాడు గానీ, బుడానూ ఇంకొందరూ వంతులేసుకుని తోడుతున్నారు. బుడాన్ అరచేతుల్లో తాడు ఒరుసుకుని బొబ్బలు. ఈ తాత ఇన్నేళ్ళు ఎట్లా తోడాడురా అని వాళ్ళలో వాళ్ళు అనుకుంటున్నారట.

తాత పొడి మడమలతో మెట్టు దగ్గర నిలబడిపోయాడు. తల ఎత్తలేదు. అందరూ తన కాళ్ళే చూస్తున్నారనుకున్నాడు. నిజానికి ఒక్కడూ చూడలేదు. బుడాన్ తడి చెయ్యి తన చొక్కాకు తుడుచుకుని, తాతకు తడి తగలకుండా చెయ్యందించి లోపలికి తీసుకుపోయాడు. నిలబడే ఓపిక లేక తాత కూర్చునే నమాజు చదివాడు. అదీ చెల్లుతుంది. సజ్దాలో నుదురు నేలకు ఆనింది చూడు, ఆయనకు ఇంటికొచ్చినట్టనిపించింది. ఇన్నాళ్ళూ నేను దేవుడికి నీళ్ళు మోస్తున్నాననుకున్నా, ఆయనే నన్ను మోస్తున్నాడు అని చాంద్‌బీతో చెప్పుకుని ఏడ్చాడు.

ఎండాకాలం వచ్చింది. నెమ్ము పూర్తిగా పోయింది. డాక్టరమ్మ నీళ్ళు ముట్టుకోమంది. మట్టి చాలించి నీళ్ళతో వుజూ చేసుకున్న రోజున, తాత ప్రతి దోసిటికీ అల్హందులిల్లా, పొగడ్తలన్నీ పైవాడికే, అంటూనే ఉన్నాడు. మళ్ళీ చేద పట్టాడు. మడమలు చూడటం మాత్రం మానలేదు, అది పుట్టుకతో వచ్చిన జబ్బు. కాకపోతే ఇప్పుడు అరవడు. చెంబు తనే తీసుకుని ఆ పొడి చోట నీళ్ళు పోస్తాడు.

తొట్టి పక్కన ఇంకొకటి చేరింది. పళ్ళెం నిండా జల్లించిన ఎర్రమట్టి. జబ్బుపడ్డవాళ్ళెవరు వచ్చినా తాత లేచి వెళ్ళి, పళ్ళెం వాళ్ళ ముందు పెట్టి, మెల్లిగా దులుపుకో నాయనా, ఊపిరి జాగ్రత్త అనేవాడు.

ఇక నీ సంగతి. నమాజుకైతే తాత మట్టి ఉంది. దువాకి నీళ్ళూ అక్కర్లేదు, మట్టీ అక్కర్లేదే పిచ్చిదానా. పడుకునే చేతులు పైకెత్తు. ఏం అడుగుతావో అడుగు. ముందు మాత్రం, జ్వరం తగ్గించినందుకు ఓ మంచి మాట చెప్పు. నేను ఆమీన్ అంటా.

బావి నీళ్ళు తొట్టికి,
ఎర్రమట్టి పళ్ళేనికి,
మంచి మాట పైవాడికి,
మిగిలిన జ్వరం గాలికి,
కథ నడిచింది కంచికి,
నువ్వు జారుకో నిద్రకి.