మూగమడుగు యజమానులు

మూగమడుగు మీద పొగమంచు ఎండెక్కినా కదిలేది కాదు. రాయి విసిరినా చప్పుడు చెయ్యని నీళ్ళు మీరెక్కడైనా చూశారా? నేను చూడలేదు, చూడాలనీ లేదు. అయితే ఆ నీళ్ళ నిండా చేపలే. తరతరాలుగా వాటి మీద బతుకుతున్నది ఒక్క నీటికుక్కల కుటుంబమే.

ఆ ఏడు చెమ్మి అనే నీటికుక్క నాలుగు పిల్లల్ని ఈనింది. పిల్లలకు పాలు చాలడం లేదు. తల్లికి తిండి ఉంటేగా పాలు! మడుగుకు కొత్తగా ఇద్దరు యజమానులు పుట్టుకొచ్చి దాని నోటికాడ కూడు లాగేశారు మరి.

ఒకటి ఈ అడవికి పెద్ద అయిన ఎలుగుబంటి. "నా అడవిలో నీళ్ళు నావి. శుక్లపక్షంలోనే చేపలు పట్టాలి" అంది.

రెండోది కొండ అవతల ఉండే పులిరాజు. దాన్ని ఇక్కడ చూసినవాళ్ళే లేరు. దాని మాటగా నక్క వచ్చి, "అడవులన్నీ రాజుగారివి, ఈ అడవి అందులో ఓ ముక్క. కృష్ణపక్షంలోనే పట్టాలి" అంది.

శుక్లపక్షంలో పడితే నక్క లాక్కునేది. కృష్ణపక్షంలో పడితే ఎలుగు లాక్కునేది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

చెమ్మి ఇద్దరి ముందూ నిలబడి, "అయ్యా, పక్షం ఏదైతేనేం, పిల్లల ఆకలి ఒకటే కదా? చిన్నది కళ్ళు తెరవడం కూడా మానేసింది" అంది.

"ఆకలి సంగతి తర్వాత చూద్దాం. ముందు అధికారం ఎవరిదో తేలాలి" అంది నక్క.

"తేల్చడానికి నువ్వెవరివే, కొండ అవతల నుంచి ఊడిపడ్డావ్!" అని ఎలుగు గుర్రుమంది.

చెమ్మికి కడుపు మండిపోయింది. అయినా గొంతు తగ్గించి చెప్పింది. "ఈ మడుగుకో ఆనవాయితీ ఉంది. వరదల్లో ఇక్కడ మునిగిపోయినవాళ్ళు సందెవేళ 'ఎవరున్నారు?' అని పిలుస్తారట. మడుగు మీద బతికేవాళ్ళు 'మేమున్నాం' అని పలికి, మొదటి చేప వాళ్ళకు వదలాలి. మీరు మమ్మల్ని నీళ్ళ దగ్గరికి రానివ్వడం మానేసినప్పటి నుంచి పలికే దిక్కు లేదు. యజమాని ఎవరో వాళ్ళే ఇవాళ పలకాలి. పలికినవాళ్ళదే మడుగు. కొంగలు సాక్ష్యం."

"ఓస్, ఇంతేనా!" అని నక్క నవ్వింది. ఎలుగు రొమ్ము విరుచుకుంది.

సందె పడింది. ఇద్దరూ గట్టు మీద రాతిపై కూర్చున్నారు. పొగమంచు వాళ్ళ మెడల దాకా వచ్చింది. కప్పలన్నీ ఒక్కసారే నోరు మూసుకున్నాయి. గాలి లేదు, కానీ మడుగు మధ్యలో తేలే బోలు దుంగ చుట్టూ నీళ్ళు ఉబికాయి.

"ఎవరున్నారు?"

అది ఒక్క గొంతు కాదు. పెద్దవీ పసివీ ఎన్నో గొంతులు కలిసి, తడితడిగా పలికాయి. రాతి మీద ఇద్దరూ ఒకరినొకరు ముందుకు తోసుకున్నారు.

"ఈ నీళ్ళు ఎవరివి? వాటితోపాటు మేమూ వాళ్ళకే. దిగి వచ్చి మమ్మల్ని చూసుకోమనండి."

ఎలుగు వెనక్కి జరిగింది. "నాదేముంది తల్లీ! ఏదో పేరుకు పెద్దని. అధికారమంతా పులిరాజుగారిదే, ఆయన్నడగండి!"

"పచ్చి అబద్ధం!" నక్క కీచుమంది. "ఇక్కడి మంచిచెడ్డలన్నీ ఎలుగువే! ఈ మడుగు ఎక్కడుందో కూడా మా రాజుగారికి తెలీదు!"

"మీదే!"

"కాదు, నీదే!"

నక్క తోకను చల్లగా ఏదో తాకింది. అంతే, నక్క కొండవైపూ ఎలుగు గుహవైపూ పడుతూ లేస్తూ పరుగెత్తాయి.

చెమ్మి ముందుకొచ్చి "మేమున్నాం" అంది. నీళ్ళు సర్దుకున్నాయి. అది మడుగులో దూకి, మొదటి చేపను అక్కడే వదిలి, రెండోదాన్ని తిని, మూడోదాన్ని కరుచుకుని బొరియకు పోయింది.

తెల్లారాక నక్క వచ్చి రంకెలు వేసింది. "మోసం! దుంగలో దూరి పిలిచింది నీ మొగుడే కదే!"

గట్టు మీది కొంగ ముసలమ్మ మెడ తిప్పింది. "పిలిచిన గొంతు ఎవరిదైతేనేం నక్కా? మాది కాదన్న గొంతులు మాత్రం మీవే. మేమంతా విన్నాం."

నక్క తోక ముడిచింది. ఎలుగు అటుకేసి మళ్ళీ రానే లేదు.

చెమ్మి బొరియలోకి వచ్చి, అప్పుడే ఇల్లు చేరిన మొగుడితో నవ్వుతూ అంది. "దుంగలోంచి పిలవమంటే భలే పిలిచావయ్యా! నాకే ఒళ్ళు జలదరించింది. అన్ని గొంతులు ఎలా పెట్టావు?"

మొగుడు తెల్లబోయాడు. "నేనెక్కడ పిలిచానే? ఆకలికి కళ్ళు తిరిగి దారిలోనే పడిపోయాను. దుంగ దాకా చేరనే లేదు."

చెమ్మి నవ్వు ఆగిపోయింది. అవ్వ చెప్పిందని రోజూ పలకడమే తప్ప, పుట్టి బుద్ధెరిగాక అది ఆ పిలుపు ఎన్నడూ వినలేదు. పిల్లల్ని పొట్టకు అదుముకుంది. పాలు తాగి చిన్నది కళ్ళు తెరిచింది. ఆ సందెవేళ ఎవరూ పిలవకముందే చెమ్మి గట్టుకు పోయి నిలబడింది.

నీతి: అధికారం ఎవరిదంటే అందరూ చెయ్యెత్తుతారు, జవాబు ఎవరు చెబుతారంటే పక్కవాణ్ణి చూపిస్తారు.